దొరసాని మేసిన విత్తనం

ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరూ ఒకే కొట్టంలో రెండు రాజ్యాలు ఏలుకునేవారు. అటక మీద ఉన్నదంతా పెద్దావిడది, అటక కింద ఉన్నదంతా చిన్నావిడది. పెద్దావిడ విత్తనాలు చూసుకునేది కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు గింజలమ్మ అని పేరు పెట్టారు. చిన్నావిడ పశువుల్ని చూసుకునేది కాబట్టి మేతమ్మ అయింది. వాళ్ళ మొగుళ్ళు, అంటే అన్నదమ్ములిద్దరూ, పొద్దున్నే ట్రాక్టరేసుకుని పోయి పొద్దుగూకాక వచ్చే మనుషులు. ఈ కథలో వాళ్ళు బాగుచేసిందీ లేదు, చెడగొట్టిందీ లేదు, కాబట్టి వాళ్ళని ఇంతటితో వదిలేద్దాం.

గింజలమ్మకి తన పని మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. మొక్కజొన్న కోతలయ్యి, కండెలన్నీ కొట్టంలో కుప్పపడగానే పీట వాల్చుకుని ఆ కుప్ప ముందు కూర్చునేది. ఒక్కో కండెనీ తిప్పి తిప్పి చూసేది. వరసలు వంకర పోతే పక్కకి, కొసదాకా గింజ పట్టకపోతే పక్కకి. చేతికి బరువుగా, మొదలు నుంచి కొసదాకా నిండుగా, అన్నిటికన్నా పెద్దగా ఉన్న కండెల్ని మాత్రం ఒళ్ళో వేసుకునేది. వాటి మీది ఆకుల్ని వెనక్కి ఒలిచి, జడలల్లి, అటక వాసాలకి వేలాడదీసేది. విత్తేటప్పుడు కూడా కండె నడుమ ఉన్న గింజే విత్తనానికి తీసుకునేది. కొసా మొదలూ ఒలిచి కిందికి విసిరేస్తే మేతమ్మ ఏరుకుని ఆవులకి పెట్టేది. ఏ ఏటి విత్తనం ఆ ఏడే వాడెయ్యకుండా, ఒక ఏటికి సరిపడా అటక మీద ఎప్పుడూ అట్టే పెట్టేది. ఏ ఏడు పంట తుడిచిపెట్టుకుపోయినా ఇల్లు మునగకుండా ఉండాలని.

ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళకన్నా ముందు అటక చూపించేది. “మా కండె చేతిలో పెడితే పసిపిల్లనెత్తుకున్నట్టు ఉండాలి” అనేది. నిజానికి అలాగే ఉండేది. వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటే ఆవిడకి ఆ పూట అన్నం సహించేది కాదు, కడుపు అప్పటికే నిండిపోయేది.

మేతమ్మ గొప్పలు చెప్పుకునే రకం కాదు గానీ, ఆవు డొక్క చూసి నిన్న ఏం తిందో, ఇవాళ ఏం పెట్టాలో ఠక్కున చెప్పగలదు. ఎండుగడ్డి నుంచి పచ్చిమేతకి మార్చాలంటే వారం పైన పట్టించేది. ఇవాళ గుప్పెడు, రేపు రెండు గుప్పెళ్ళు, అలా. ఆ ఇంట్లో పశువుకి కడుపు ఉబ్బిందన్న మాట వినబడి చాలా కాలమైంది. మనుషులకి మాత్రం, ముఖ్యంగా తోడికోడలికి, ఏ మాట చెప్పాలన్నా ఇంత జాగ్రత్త ఉండేది కాదు. ముఖాన్నే అనేసేది.

ఇంత పనిమంతులున్న ఇంట్లో కూడా ఏటా ఒక గండం వచ్చేది. ఎండలు ముదిరేసరికి బీడు మీద గడ్డి మాడిపోయేది. పోయినేటి చొప్ప అడుగంటేది. కొత్త చేను నిలువెత్తున ఊగుతూ ఉండేది గానీ ఇంకా పండేది కాదు. కళ్ళెదుట పంట ఉండి, పశువుల గాట్లో మేత లేని ఆ రోజుల్ని వాళ్ళు ఖాళీ వారాలనేవారు. వాటిని దాటించడానికి అత్తగారు తన కాలంలోనే ఒక పద్ధతి పెట్టింది. చేలో ముందుగా ఎండిన మొక్కల్ని వెతికి, కండెతో సహా కోసి పశువులకి వెయ్యాలి. పచ్చి మొక్కని ముట్టుకోకూడదు, అది ఇంకా గింజ కట్టుకుంటోంది కదా. పండింది పశువుకి, పండనిది పంటకి. ఇంత న్యాయమైన పద్ధతికి వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. మేతమ్మ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ వచ్చింది.

అయినా ఖాళీ వారాలు ఏటికేడు పెరుగుతూనే ఉన్నాయి. కోత వెనక్కి జరిగి జరిగి, పోయినేడు చలివానల్లో పడింది. కుప్పలో సగం కండెలకి బూజు పట్టింది. గింజలమ్మ వానని తిట్టింది. మేతమ్మ ఎండని తిట్టింది. ఎవరి మట్టుకు వాళ్ళు తమ పని తాము ఇంకాస్త పట్టుదలగా చేశారు.

ఈ ఏడు దొరసానికి తొలిచూలు. దొరసాని అంటే మనిషి కాదు, ఆవు. గడ్డి కాస్త తడిసినా వాసన చూసి మొహం తిప్పుకుంటుంది, తొట్టిలో నీళ్ళ మీద ఒక్క ఆకు తేలుతున్నా తాగదు, అందుకని ఆ పేరు. మేతమ్మ చేతుల్లో పుట్టి, మేతమ్మ చేతుల్లో పెరిగిన పెయ్య. దాని ఈత ఖాళీ వారాల చివర్లో పడేలా ఉందని తెలిసిన దగ్గర్నుంచీ మేతమ్మ కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది.

సరిగ్గా అప్పుడే, కొట్టం కడుగుతూ మేతమ్మ కాలు జారి పడింది. కుడి మణికట్టు బెణికి కట్టు కట్టించుకోవాల్సొచ్చింది. కొడవలి పట్టే చెయ్యి కాస్తా మెడలో వేలాడింది.

“నేను కోసుకొస్తాలే” అంది గింజలమ్మ.

“నీకు తెలీదని కాదు గానీ అక్కా, చెప్తున్నా విను. ఆకు ఎండి, కండె కిందికి వాలినవే కొయ్యి. కండె నిక్కి ఉంటే దాని జోలికెళ్ళకు.”

“చేలో పుట్టి చేలో పెరిగినదాన్ని. నాకా చెప్తున్నావు?”

“పుట్టావులే. ఈ చేలో కాదుగా.”

ఆ మాట గింజలమ్మకి చురుక్కుమంది గానీ, నిజమే. విత్తేటప్పుడు చాళ్ళ వెంట తనే నడిచి గింజ వేసేది. కోతలయ్యాక కుప్ప ముందు కూర్చునేది. మధ్యలో కూరపాదులతో, వాటి విత్తనాలతో సరిపోయేది. నిలబడి ఉన్న మొక్కజొన్న చేలో ఆవిడ అడుగుపెట్టి ఏళ్ళయింది. ఆ కొడవలి కూడా చేతికి కొత్తగానే అనిపించింది.

మొదట్లో పని బాగానే సాగింది. పచ్చటి చేలో అక్కడొకటి ఇక్కడొకటి ఎండిన మొక్క కనబడేది. వెతికి, కోసి, మోపు కట్టి తెచ్చి, కాడలు ముక్కలు చేసి, కండెలు విరిచి గాట్లో వేసేది. మేతమ్మ పక్కనే నిలబడి ముక్క పొడుగైంది, పొట్టిదైంది అని వంకలు పెట్టేది. దొరసాని మాత్రం వంక పెట్టకుండా కాడతో సహా నమిలేసేది.

ఒక ఉదయం, మేతమ్మ ఇంట్లో ఉండగా, గింజలమ్మ కండె విరిచి గాట్లో వెయ్యబోతూ అలవాటు కొద్దీ ఒక గింజ ఊడబెరికి పంటికింద పెట్టుకుంది. టక్కుమంది. ఇంకో గింజ తీసి అడుగు చూసింది. అతుక్కునే చోట నల్ల చుక్క పడి ఉంది. గింజ పూర్తిగా పండితే గానీ ఆ చుక్క పడదు. ఇది మేత కాదు, ఎంచక్కా విత్తనమే. అదీ కోతకి ఇంకా ఎన్నో రోజులుండగానే.

మోపు అక్కడే వదిలేసి మళ్ళీ చేలోకి వెళ్ళింది. ఇందాక మొక్క కోసిన చోటే, దాని పక్క మొక్క కండె ఒలిచి గింజని గోటితో నొక్కింది. పాలు చిమ్మి మొహాన పడ్డాయి. పక్క పక్క మొక్కలు. ఒకే రోజు, ఒకే చాలులో, తన చేత్తోనే వేసిన గింజలు. ఒకటి పని ముగించుకుని నిలబడింది, ఒకటి ఇంకా పాలు తాగుతోంది.

గింజలమ్మ చాలులోనే చతికిలబడింది. తను కుప్ప ముందు పీట వాల్చేలోపల ఇలాంటి మొక్కలన్నీ ఎక్కడికి పోతున్నాయి? దొరసాని కడుపులోకి, అంతకుముందు దాని తల్లి కడుపులోకి. కుప్పలోకి వచ్చేవన్నీ మిగిలిన ఆలస్యంగాళ్ళే. ఆ ఆలస్యంగాళ్ళలో కూడా తను ఏరేది అందరికన్నా పెద్ద కండెని, అంటే అందరికన్నా ఎక్కువ రోజులు తీరిగ్గా పెరిగినదాన్ని. దాన్నే జడవేసి, అటకెక్కించి, వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయింది. అందుకే చేను ఏటికేడు ఆలస్యమవుతోంది. ఆలస్యమైనకొద్దీ ఖాళీ వారాలు పెరిగి, ముందు పండిన మొక్కలు ఇంకా ఎక్కువగా కొడవలికి పోతున్నాయి. వానదీ తప్పు కాదు, ఎండదీ కాదు. తోడికోడళ్ళిద్దరూ ఎవరి పని వాళ్ళు ఇంత బాగా చెయ్యకపోయి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

గింజలమ్మకి సిగ్గేసింది. సిగ్గు వెంటే పట్టరాని సంతోషం కూడా వేసింది. జబ్బేదో తెలిసిపోయింది, ఇక మందు తన చేతిలోదే. ఆవిడ తత్త్వమే అంత. లేచి, మట్టి దులుపుకుని, కొట్టంలోకి వచ్చి, గాటి ముందు పడున్న కండెల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరుకుంది. దొరసాని మెడ చాచింది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. దొరసాని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

ఆ అరుపుకి మేతమ్మ పరుగెత్తుకొచ్చింది. కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్న అత్తగారికి మెలకువ వచ్చింది.

గింజలమ్మ జరిగిందంతా చెప్పింది. నల్ల చుక్క చూపించింది. ఈ ఏడు ముందు పండిన మొక్కల్ని ఇక ఒక్కటి కూడా కొయ్యకూడదని, అన్నీ విత్తనానికే ఉంచాలని తేల్చేసింది. మేతమ్మ మధ్యలో అడ్డు రాకుండా మొత్తం వింది. అది మంచి లక్షణం కాదని గింజలమ్మకి తెలుసు.

“అయిందా?” అంది మేతమ్మ. “నీ విత్తనం వచ్చే ఏటి మాట. దీని కడుపు ఇవాళ్టిది. లోపల దూడ ఎదిగేది ఇప్పుడే. ఇప్పుడు గింజ మాన్పిస్తే దూడ నీరసంగా పడుతుంది, పాలూ దిగవు. చొప్ప లేదు, బీడు లేదు. నీ అటక కోసం దీన్ని పస్తు పెట్టమంటావా?”

“అటక కోసం కాదే. వచ్చే ఏడూ ఇదే గోల, ఆపై ఏడూ ఇదే గోల. చివరికి ఒక ఏడు చేను అసలు పండకుండానే చలి వచ్చేస్తుంది. అప్పుడు దీనికీ దీని దూడకీ కలిపి పస్తే.”

“నువ్వు చెప్పింది అబద్ధమనట్లేదక్కా. కానీ దీని మొహం చూసి చెప్పు ఆ మాట.”

దొరసాని పెద్ద పెద్ద కళ్ళేసుకుని ఇద్దర్నీ చూస్తోంది. దాని డొక్కలు లోపలికి దిగి ఉన్నాయి, పొట్ట మాత్రం పక్కలకి బరువుగా వేలాడుతోంది. గింజలమ్మ తల తిప్పుకుంది.

అత్తగారు గొంతు సవరించుకుంది. “నేనొచ్చిన కొత్తలో చలి పట్టేసరికి చేను ఖాళీ అయ్యి, పశువులు కోసిన మోళ్ళలో తిరిగేవి. కండె ఇంత లేదు. చిన్నదే. కానీ చేతికొచ్చేది.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదే అత్తయ్యా?” అంది గింజలమ్మ.

“అడిగారా? ఎవరి పని వాళ్ళు అంత బాగా చేస్తుంటే నేను వేలెట్టడం దేనికని ఊరుకున్నా.”

గింజలమ్మ కాసేపు అటకవైపు చూసింది. జడలల్లిన కండెలు వాసాలకి వరసగా వేలాడుతున్నాయి, పసుపుగా, నిండుగా. ఏ ఏడు పంట పోయినా ఆదుకునే విత్తనం. నిచ్చెన వేసుకుని పైకెక్కింది. ఒక జడ విప్పి కిందికి దించింది. ఇంకో జడ విప్పింది.

మేతమ్మకి అప్పటికి అర్థమై నిచ్చెన దగ్గరికి ఉరికింది. “అక్కా, వద్దు. అవి ముట్టుకోకు. ఈ ఏడు చేనుకేమన్నా అయితే మనకి మిగిలేవి అవే.”

“మిగిలేవి ఇవే కాబట్టే ఉంచొద్దంటున్నా. ఇవి మళ్ళీ వేస్తే మళ్ళీ ఆలస్యమే. ఇంత పెద్ద కండె తిని దొరసాని బలంగా ఈనుతుంది, దీనికి ఇంతకన్నా మంచి పని లేదు. నువ్వు ఆ ఎండినవి నాకొదిలెయ్యి. ఇవి నువ్వు తీసుకో.”

“చేను దెబ్బతింటే పాత విత్తనం, కొత్త విత్తనం రెండూ పోతాయి.”

“పోవు. నేనున్నాగా.”

అంటూనే ఇంకో జడ విప్పింది. లోపల మాత్రం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పేరు జడ తర్వాత జడగా కిందికి దిగుతోంది. ఆవిడకి కష్టంగానే ఉంది. కష్టమని ఆగే మనిషి కాదు.

మేతమ్మ ఒక కండెని మంచిచేత్తో అందుకుని బరువు చూసింది. ఇంటికొచ్చినవాళ్ళందరూ పట్టుకున్నారు గానీ, ఆవిడ పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత పనిలో పడింది. “అలా ఒలిచి పొయ్యకు, కడుపు ఉబ్బుతుంది. పగలగొట్టి, నానబెట్టి, ఇవాళ గుప్పెడే. రేపు ఇంకో గుప్పెడు. గింజ ఒక్కటే పెడితే చాలదు, నమలడానికి పీచుండాలి. నీ చిక్కుడు పాదుల్లో కాయలేరేసిన తీగలున్నాయి కదా, అవి పీకెయ్యి. చేలో పచ్చి మొక్కలకి కండె కిందున్న ఆకులు తుంచుకొద్దాం. కండె పక్కనున్న ఆకు మాత్రం తుంచకూడదు, గింజకి అన్నం పెట్టేది అదే.”

“ఆజ్ఞ” అంది గింజలమ్మ. ఆ ఇంట్లో ఆవిడ నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు, అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఆ రోజు నుంచి అటక ఖాళీ అవుతూ వచ్చింది. చేలో పని పెరుగుతూ వచ్చింది. ఇద్దరూ కలిసి చాలు చాలూ తిరిగి, ముందు పండుతున్న మొక్కలకి పురికొస ముక్కలు కట్టారు. పెంటకుప్ప వైపున్న వరసల్ని గింజలమ్మ లెక్కలోకే తీసుకోలేదు. అక్కడ ఎరువు తిని ఏదైనా పెరుగుతుంది, అది విత్తనం గొప్ప కాదు. చేను నడుమ, చుట్టూ నలుగురి మధ్య ఇరుక్కుని కూడా త్వరగా నిండుగా పండినదే కావాలంది. ఏ ఒకటి రెండు మొక్కల్నో నమ్ముకోకుండా చేనంతటి నుంచీ ఏరాలంది. మేతమ్మ తన మాట తనూ కలిపింది. కండె పైనున్న కాడ ముక్క కొరికి చూసి, తియ్యగా లేకపోతే పురికొస విప్పేసేది.

“అది మంచి కండె” అనేది గింజలమ్మ.

“కండె నువ్వు చూస్తావు. కాడ తినేది దొరసాని. కట్టెలా ఉన్నది నాకొద్దు” అనేది మేతమ్మ. నీది, నాది అని వాదించుకుంటూనే, ఇద్దరికీ నచ్చిన మొక్కకే పురికొస ఉంచేవారు. పక్షులు వాలకుండా ఆ కండెలకి పాత గుడ్డలు చుట్టారు. దూరం నుంచి చూస్తే చేనుకి జలుబు చేసినట్టు ఉండేది.

దొరసాని ఒక మధ్యాహ్నం ఈనింది. పెయ్యదూడ. మేతమ్మ ఒంటిచేత్తో, గింజలమ్మ రెండు చేతులతో దాన్ని బయటికి తీశారు. అది పడీ పడకముందే కాళ్ళు కూడదీసుకుని నిలబడింది. మేతమ్మ దాని ఒళ్ళు తుడుస్తూ ఏడ్చింది, ఏడుస్తున్నందుకు తోడికోడల్ని కసిరింది. గింజలమ్మ ఎండుటాకులు పరుస్తూ ఉండిపోయింది.

చలివానలు పోయినేటికన్నా ముందే వచ్చిపడ్డాయి. చేను సగం కోతలోనే తడిసింది. కుప్పలో బూజు మళ్ళీ కనబడింది. కానీ అప్పటికే పురికొస కట్టిన మొక్కల కండెలు ఇంటికొచ్చి, ఆరి, జడలల్లుకుని అటక మీద ఉన్నాయి. పాతవాటి పక్కన పెడితే ఇవి పొట్టివి. పాతవి ఇక లేవు కాబట్టి పక్కన పెట్టి చూసే బెడద లేదు. ఆ ఏడు గింజలమ్మ కుప్ప ముందు పీట వాల్చలేదు. వచ్చినవాళ్ళు అటక చూసి, “ఏంటమ్మా, కండెలు చిన్నబోయాయి?” అంటే, “చిన్నబోలేదు, త్వరపడ్డాయి” అనేది, ఏ మాత్రం తగ్గకుండా.

ఆ పొట్టి కండెల గింజే విత్తారు గానీ, ఒక్క ఏటికే చేను మారిపోదని ఆవిడకి తెలుసు. మరుసటి ఏడు ఖాళీ వారాలు పూర్తిగా పోలేదు. బీడు మాడింది, చొప్ప అడుగంటింది. కానీ తోడికోడళ్ళిద్దరూ చేలోకి వెళ్ళేసరికి, ఎప్పుడూ ఎక్కడో ఒకటి అన్నట్టుండే ఎండు మొక్క ఈసారి చాలు చాలులోనూ కనబడింది. గింజలమ్మ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. పురికొస కట్టీ కట్టీ, ముక్కల సంచి ఖాళీ అయ్యింది. ఇంకా ఎండు మొక్కలు మిగిలే ఉన్నాయి.

మేతమ్మ చెయ్యి బాగై కొడవలి మళ్ళీ పట్టింది. పురికొస లేని ఒక ఎండు మొక్క ముందు ఆగి, అలవాటుగా కాడ పట్టుకుని, కొడవలి ఆనించి, కొయ్యకుండా తోడికోడలి వైపు తిరిగింది.

“అక్కా, ఇది నీదా, నాదా?”

గింజలమ్మ దగ్గరికొచ్చి కండె ఒలిచి, ఒక గింజ తీసి అడుగు చూసింది. నల్ల చుక్క చక్కగా పడింది. విత్తనానికి ఇంతకన్నా వంక లేని గింజ ఉండదు. దూరంగా కొట్టంలోంచి దొరసాని అరుపు, దాని వెనకే లేత గొంతుతో పెయ్య అరుపు వినబడ్డాయి.

“నా వంతు ఏరేసుకున్నా” అంది గింజలమ్మ. “ఇది వాళ్ళది. కొయ్యి.”